రోజుకు 3 డాలర్ల లోపు ఖర్చు పెట్టేవాళ్లు కటిక పేదలని ప్రపంచ బ్యాంకు గీత గీసింది. 3 డాలర్లంటే 250 రూపాయలు దాటుతుంది కదా, అంత ఖర్చు పెట్టే మనిషి మన దగ్గర పేదవాడెలా అవుతాడు?

ముందు ఆ 250 సంగతి. ప్రపంచ బ్యాంకు చెప్పే 3 డాలర్లు మనం బ్యాంకులో మార్చుకునేవి కావు. అమెరికాలో 3 డాలర్లకు వచ్చే సరుకు ఇక్కడ ఎంతకు దొరుకుతుందో చూసి లెక్క కడతారు. 2021 ధరల్లో అది మనిషికి రోజుకు 60 రూపాయల చుట్టుపక్కల. 1990లో 1 డాలరుతో మొదలైన గీత 2015లో 1.90, 2022లో 2.15, 2025 జూన్‌లో 3 అయింది.

గీత ఎక్కడ గీస్తేనేం, ఆ 60 రూపాయలు ఖర్చవుతున్నాయో లేదో కనుక్కోవడమే అసలు తంటా. కొన్నేళ్ల కిందట కనిగిరి వైపు పల్లెల్లో ఇంటి ఖర్చుల సర్వేకి కాంట్రాక్టు మీద తిరిగాను. (మాకిచ్చే భత్యం చూస్తే మేమూ ఆ గీత పక్కనే ఉండేవాళ్లం.)

"నెలకి నూనె ఎంతవుద్ది అవ్వా?" అంటే, "అయిపోతే ప్యాకెట్టు తెచ్చుకుంటాం నాయనా, లెక్కలెవరు రాస్తారు?" అంది ఒకావిడ. పోయిన వారానిదైతే టక్కున చెప్పింది. ఎన్ని రోజులకని అడుగుతామో దాన్నిబట్టి జనం చెప్పే ఖర్చు మారిపోతుంది. ఇదేమంత చిన్న తేడా కాదు. 2011-12లో మన దేశంలో అన్నిటికీ 30 రోజుల ఖర్చు అడిగితే, అప్పటి 1.90 డాలర్ల గీత కింద 21.2 శాతం మంది తేలారు. నూనె, కూరగాయల్లాంటివి 7 రోజులకు, బట్టలు, ఆసుపత్రి ఖర్చు ఏడాదికి అడిగితే 12.4 శాతమే.

ఆ అవ్వ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మోకాళ్లు వంగవు. తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొంటుంది. అదీ ఖర్చు కిందే రాశాను. మోకాళ్ల నొప్పులకు వడ్డీకి తెచ్చి ఒంగోలు ఆసుపత్రిలో పోసిన డబ్బు కూడా అంతే. దాంతో నా ఫారంలో ఆమె, మంచినీళ్ల ఊరివాళ్ల కంటే కలిగిన మనిషిలా కనిపించింది!

డబ్బు కాకుండా చదువు, పోషణ, నీరు లాంటివి చూసే బహుముఖ పేదరిక సూచీ 2010లో వచ్చింది. మంచిదే. కానీ దాని లెక్కలో బోరుంటే మెరుగైన నీళ్లున్నట్టే, ఫ్లోరైడ్ సంగతి అడగరు.

ఇంకొకటి. ఆ ఊళ్లో బాగా పేదవాళ్లు నాకు దొరకనే లేదు. మిరప కోతలకని గుంటూరు వైపు పోయారు, ఇళ్లకు తాళాలు. తాళం ఉంటే జాబితాలో తర్వాతి ఇల్లు రాసుకోమన్నారు. రాసుకున్నాను.