పేరున్న మనిషి కాకపోతే ఆత్మకథ ఎవరు చదువుతారు?

'రిటైరైన మా నాన్న ఆత్మకథ రాస్తానంటున్నారు, పేరున్న మనిషి కాదు కదా, ఎవరు చదువుతారు, వద్దని ఎలా చెప్పాలి' అని మీరు అడిగారు. దయచేసి వద్దని చెప్పకండి. తిరుపతిలో నాది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులతో పాటు ఇలాంటి పెద్దవాళ్ల నోటుపుస్తకాలు ఏళ్ల తరబడి టైపు చేస్తున్నాను. దాచకుండా రాస్తే ఎవరిదైనా చదువుతారు. దాచి రాస్తే మంత్రిగారిదైనా అటక మీదికే పోతుంది.

చాలామంది సర్వీసు రిజిస్టరు నింపినట్టు రాస్తారు, అదీ చిక్కు. వంశవృక్షం, ఏ ఏడు ఎక్కడికి బదిలీ, ఎవరి చేతుల మీదుగా శాలువా. పూతలపట్టు వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తెచ్చిన నోటుపుస్తకం కూడా అంతే. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టరూ చేతులెత్తేసింది. ఊరికే కూర్చోలేక సార్ వాళ్ల బెల్లం గానుగ సంగతి ఎత్తుకున్నారు. రాత్రంతా చెరుకు రసం కాగుతుంటే తను పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోసేవారట, వాళ్ల నాయన పైకి తేలిన మడ్డి తీసేస్తూ, పాకం చుక్క నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో వేళ్లతో నలిపి చూసేవాడట. ఆ బెల్లం బండికెత్తుకుని ఇద్దరూ చిత్తూరు మండీకి పోయారు. తిరుపతిలో డిగ్రీకి ఫీజు కట్టాలి, గడువు ముంచుకొచ్చింది. వ్యాపారి ఒక ముద్ద పగలగొట్టి లోపలి రంగు చూసి, నలుపు తిరిగిందని రేటు తగ్గించాడు. వచ్చిన డబ్బు ఫీజుకు చాలదు. అప్పుడు వాళ్ల నాయన భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, వచ్చే ఏడు బెల్లం మీద అడ్వాన్సు అడిగాడట. 'మా నాయన ఊళ్లో ఎవురి ముందరా తువ్వాలు దించలేదబ్బా, ఆ పొద్దు నా కోసం దించినాడు' అన్నారు సార్.

ఇదేదీ నోటుపుస్తకంలో లేదు! బదిలీలు మాత్రం తేదీలతో సహా ఉన్నాయి. బతిమాలి ఆ సంగతి చెప్పించుకుని టైపు చేశాను. ప్రూఫు చూసి బెంగళూరు నుంచి వాళ్లబ్బాయి ఫోను: 'అన్నా, మా పాపకు సంబంధాలు చూస్తున్నాం, ఆ అప్పు సంగతి తీసెయ్యండి.' నాకు ఒళ్లు మండిపోయింది. టంగుటూరి ప్రకాశం గారు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి, తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి తమను సాకిందని 'నా జీవిత యాత్ర'లో రాసుకున్నారు. ఆ పనిని లోకువగా చూసే రోజులవి. ఆయనకు లేని నామోషీ మనకెందుకు? సార్ కూడా ఒప్పుకోలేదు, ఆ పేజీ ఉంచారు. పుస్తకం పంచాక వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఫోన్లన్నీ ఆ తువ్వాలు గురించే. బదిలీల గురించి ఒక్కరూ అడగలేదు.

వయసైపోయిందని కూడా అనకండి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది, అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. భాష గురించీ బెంగ వద్దు. రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె మాటల్లోనే తన చిన్ననాటి సంగతులు రాస్తే తెలుగువాళ్లంతా చదివారు. మీ నాన్నగారు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయమనండి.

ఆయన రాయలేకపోతే ఫోన్లో రికార్డింగు పెట్టి మీరే అడగండి. మొదటి జీతం ఏం చేశారు, ఎవరి దగ్గర చేయి చాచారు, ఏ అన్నదమ్ముడితో మాటలు ఆగిపోయాయి, ఎందుకు ఆగిపోయాయి. పుట్టిన తేదీతో మాత్రం మొదలుపెట్టనివ్వకండి. ఇంకోటి, ముందుమాటల కోసం పెద్దల ఇళ్ల చుట్టూ ఆయన్ని తిప్పకండి. పుస్తకం తెరవకుండానే 'ఆదర్శప్రాయం' అని రాసిచ్చేవాళ్లను చాలామందిని చూశాను, ఆ నాలుగు వాక్యాల కోసం పాపం పెద్దాయనలు నెలల తరబడి కాచుకుంటారు. ముందుమాట మీరే రాయండి, ఒక పేజీ చాలు.