లీగ్‌లో 11వ స్థానం, చేతిలో యూరప్ కప్పు: ఫ్రాంక్‌ఫర్ట్‌కు అదెలా సాధ్యమైంది?

ప్రశ్న ఇదీ: "ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ ఫుట్‌బాల్ జట్టు 2021-22లో జర్మన్ లీగ్ బుండెస్‌లీగాలో 11వ స్థానంలో ఆగిపోయింది కదా. అదే జట్టు అదే ఏడాది యూరప్ క్లబ్‌ల రెండో పెద్ద పోటీ అయిన యూరోపా లీగ్ ఎలా గెలిచింది? లక్ కలిసొచ్చిందా?"

నేను 2019 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉంటున్నాను. ఆ సీజన్ మొదటి మ్యాచ్ నుంచి చివరి పెనాల్టీ దాకా ఇక్కడే ఉండి చూశాను. అందుకే ఇది కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఒకటి రెండు చోట్ల లక్ ఉంది, కాదనను. కానీ అసలు కారణం ఆట తీరు. అది ఎదుటి జట్టు ముందుకొచ్చి ఆడితేనే పండే ఆట. బంతి లాక్కోవడం, వెంటనే ఎడమ పక్క ఫిలిప్ కోస్టిచ్‌కి ఇవ్వడం, అతను పరుగెత్తి క్రాస్ వెయ్యడం, అంటే పక్క నుంచి గోల్ ముందుకి బంతి అందించడం. జర్మనీలో చిన్న జట్లు ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఆడేటప్పుడు వెనక్కి తగ్గి గోడ కట్టేసేవి. ఆ గోడని పగలగొట్టే ఓపిక, నేర్పు మనవాళ్లకి తక్కువ. యూరప్‌లో ఎదురైన బెటిస్, బార్సిలోనా, వెస్ట్ హామ్ అలా వెనక కూర్చునే జట్లు కావు. అవి ముందుకు వచ్చాయి, దెబ్బ తిన్నాయి. దీనికి తోడు గురువారం యూరప్‌లో ఆడి ఆదివారం లీగ్‌లో ఆడాలి. రెండింటికీ సరిపడా ఆటగాళ్లు ఈ క్లబ్ దగ్గర లేరు. ఒకటి వదులుకోవాల్సి వచ్చింది, లీగ్‌ని వదులుకున్నారు.

నన్నడిగితే ఈ కథ అంతకుముందు సీజన్ నుంచే మొదలు పెట్టాలి. 2020-21లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి 60 పాయింట్లు వచ్చాయి. అయినా ఐదో స్థానమే. మొదటి నాలుగు జట్లకే చోటుండే చాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్‌ల అతి పెద్ద పోటీ, ఒక్క పాయింట్ తేడాతో చేజారింది. ఆ ఒక్క పాయింట్ ముందు ఉన్నది వోల్ఫ్స్‌బుర్గ్, దాని కోచ్ ఓలివర్ గ్లాస్నర్. ఆ వేసవిలో మన కోచ్ వెళ్లిపోయాడు, స్పోర్టింగ్ డైరెక్టర్ వెళ్లిపోయాడు, 28 గోల్స్ కొట్టిన ఆండ్రే సిల్వా లైప్‌జిగ్‌కి వెళ్లిపోయాడు. కొత్త కోచ్‌గా వచ్చింది ఆ గ్లాస్నరే. సిల్వా స్థానంలోకి అర్జెంటీనా నుంచి రఫాయెల్ బోరే వచ్చాడు. కొలంబియా వాడు, బక్కపలచగా ఉంటాడు. ఇతను ఇరవై ఎనిమిది గోల్స్ కొట్టే రకం కాదని మా ఆఫీసులో అందరూ పెదవి విరిచారు.

మొదలు కూడా అలాగే ఏడ్చింది. జర్మన్ కప్పులో మొదటి రౌండ్‌లోనే మూడో డివిజన్ జట్టు వాల్డ్‌హోఫ్ మాన్‌హైమ్ చేతిలో 0-2తో ఓడి ఇంటికొచ్చేశారు. లీగ్ మొదటి మ్యాచ్‌లో డార్ట్‌ముండ్ ఐదు గోల్స్ వేసింది. తర్వాత వరసగా ఐదు డ్రాలు. లీగ్‌లో మొదటి గెలుపు అక్టోబర్‌లో వచ్చింది. ఎక్కడ? మ్యూనిక్‌లో, బాయర్న్ మీద, 2-1తో. కింది జట్టుని ఓడించలేని వాళ్లు బాయర్న్‌ని వాళ్ల ఇంట్లోనే ఓడించారు! ఇక్కడివాళ్లు ఈ క్లబ్‌ని "లౌనిషె దీవా" అంటారు, అంటే మూడ్‌ని బట్టి నడుచుకునే మహారాణి అని. మా కింది ఇంటి పెద్దాయన నాకు మొదట నేర్పిన ఫుట్‌బాల్ మాట అదే.

ఆయన గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. ఫ్రాంక్‌ఫర్ట్ అంతకుముందు యూరప్‌లో గెలిచిన ఒకే ఒక్క పెద్ద కప్పు 1980 యుయెఫా కప్పు, యూరోపా లీగ్‌కి పాత పేరు. ఫైనల్ మోన్‌షెన్‌గ్లాడ్‌బాక్ మీద. అప్పట్లో ఫైనల్ కూడా రెండు లెగ్‌లు, అంటే ఒక్కో జట్టు మైదానంలో ఒక్కో మ్యాచ్, రెండు స్కోర్లూ కలిపి చూస్తారు. ఆ రెండో లెగ్ రోజు ఆయన స్టేడియంలో ఉన్నారట. ఆనాటి కెప్టెన్ యూర్గెన్ గ్రబోవ్‌స్కీ, 1974 వరల్డ్ కప్ గెలిచిన జర్మనీ జట్టు మనిషి, గాయం వల్ల ఆ ఫైనల్ ఆడలేకపోయారు. ఆ గ్రబోవ్‌స్కీ 2022 మార్చి 10న చనిపోయారు. ముందు రోజు రాత్రే మన జట్టు స్పెయిన్‌లో బెటిస్‌ని 2-1తో ఓడించింది. నేను సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్దాయన వంటింటి కిటికీలో గ్రబోవ్‌స్కీ పాత ఫోటో ఒకటి, పక్కన చిన్న కొవ్వొత్తి ఉన్నాయి. వారం పాటు రోజూ వెలిగించారు. ఇంట్లో మనిషి పోతే పెట్టినట్టు పెట్టారు. ఒక ఊరికి ఒక క్లబ్ ఏమవుతుందో నాకు ఆ కిటికీ చూశాకే అర్థమైంది.

గ్రూప్ దశ గురించి ఎక్కువ చెప్పను. ఒలింపియాకోస్, ఫెనర్‌బాచె, ఆంట్‌వెర్ప్. మూడు గెలుపులు, మూడు డ్రాలు, గ్రూప్‌లో మొదటి స్థానం. తర్వాత బెటిస్. ఇక్కడే లక్ గురించి ఒప్పుకోవాలి. రెండో లెగ్‌లో బెటిస్ 90వ నిమిషంలో గోల్ వేసి మొత్తం స్కోర్ సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయి, ఇక పెనాల్టీలే అనుకుంటుండగా ఫ్రీ కిక్ నుంచి వచ్చిన బంతి తోపులాటలో బెటిస్ ఆటగాడికే తగిలి గోల్లోకి పోయింది. 120 నిమిషాలు దాటాక. అది అదృష్టమే.

కానీ బార్సిలోనా సంగతి అలా కాదు.

ఆ వారం చూడండి. ఏప్రిల్ మొదట్లో లీగ్‌లో అట్టడుగున ఉన్న ఫ్యూర్త్ మన స్టేడియానికి వచ్చింది. 0-0. కొద్ది రోజులకే, ఏప్రిల్ 7న, అదే మైదానంలో బార్సిలోనా. అప్పటికి కోచ్ షావి చేతిలో ఆ జట్టు మంచి ఊపు మీద ఉంది, మార్చిలోనే రియల్ మాడ్రిడ్‌ని వాళ్ల సొంత గడ్డ మీద 4-0తో చిత్తు చేసి వచ్చింది. ఒక కొలీగ్‌కి ఆరోగ్యం బాగోలేక ఆ మ్యాచ్ టికెట్ నాకిచ్చాడు. 21 నంబర్ ట్రామ్‌లో వెళ్లాను. కాలు పెట్టే చోటు లేదు. కోవిడ్ వల్ల చాన్నాళ్లు సగం ఖాళీగా ఉన్న స్టేడియం ఆ రోజు 48 వేల మందితో నిండిపోయింది.

రెండో సగం మొదలవగానే అన్స్‌గార్ క్నౌఫ్, అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, పెనాల్టీ బాక్స్ బయటి నుంచి ఒక్కటి కొట్టాడు. బంతి పై మూలకి వెళ్లింది. నా ముందు వరసలో నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి, ఎవరో ఏమిటో తెలియని నన్ను రెండు చేతులతో భుజాలు పట్టుకుని ఊపేసింది. తర్వాత బార్సిలోనా సమం చేసింది, 1-1. సమం చేశాక కూడా మన జట్టు భయపడలేదు. ఫ్యూర్త్ మీద దారి దొరకని కోస్టిచ్‌కి ఇక్కడ పక్కన అంత చోటు ఉంది. అదే మనిషి, అదే కాలు. ఎదుటివాళ్లు ముందుకొచ్చినందుకే అతనికి వెనక మైదానం దొరికింది.

రెండో లెగ్ ఏప్రిల్ 14న, కాంప్ నౌలో. బయటి జట్టుకి ఐదు వేల టికెట్లే ఇస్తారు. కానీ అక్కడ కనిపించిన తెల్ల చొక్కాలు పాతిక, ముప్ఫై వేలు ఉంటాయని ఆ తర్వాత అందరూ లెక్కలు వేశారు. అభిమానులందరూ తెలుపు వేసుకోవాలని ముందే మాటనుకున్నారు. టికెట్లు ఎలాగోలా సంపాదించి, బస్సుల్లో, కార్లలో, విమానాల్లో పోయారు. మా ఆఫీసులోనే ఆ గురువారం సగం కుర్చీలు ఖాళీ. నేను టీవీలో చూశాను, అది బార్సిలోనా అని నమ్మబుద్ధి కాలేదు. నాలుగో నిమిషంలో కోస్టిచ్ పెనాల్టీ, తర్వాత బోరే దూరం నుంచి పిడుగులాంటి గోల్, మళ్లీ కోస్టిచ్. 0-3. చివర్లో, తొంభై నిమిషాలు దాటాక కలిపే ఇంజురీ టైమ్‌లో బార్సిలోనా రెండు వేసినా అప్పటికి అయిపోయింది. సొంత మైదానంలో బార్సిలోనా పరాయిదైపోయింది.

అది గురువారం రాత్రి. ఆ వచ్చిన ఆదివారం ఈస్టర్. బెర్లిన్‌లో యూనియన్ మీద లీగ్ మ్యాచ్, 0-2తో ఓటమి. ఈ రెండు స్కోర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరికిపోతుంది. మార్చి మధ్యలో బోఖుమ్‌ని ఓడించాక సీజన్ ముగిసేదాకా ఆడిన ఎనిమిది లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. మొత్తం 10 గెలుపులు, 12 డ్రాలు, 12 ఓటములు, 42 పాయింట్లు. గ్లాస్నర్ చివర్లో లీగ్ మ్యాచ్‌లకి ముఖ్యమైన వాళ్లని పక్కన కూర్చోబెట్టేవాడు. దాని మీద ఎవరూ గొడవ చెయ్యకపోవడమే నాకు ఆశ్చర్యం. ఊరు మొత్తం ఒక మాట మీద ఉంది.

మనకు తెలిసిన పోలిక ఒకటి చెప్తాను. 2008 ఐపీఎల్‌లో మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ అట్టడుగున ఉండి, 2009లో కప్పు కొట్టింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తే. కానీ అక్కడ మధ్యలో ఏడాది ఉంది. ఇక్కడ ఓడేదీ గెలిచేదీ ఒకే వారంలో, అవే కాళ్లతో.

సెమీస్‌లో వెస్ట్ హామ్‌ని లండన్‌లో 2-1, ఇక్కడ 1-0తో ఓడించారు. ఇక్కడి మ్యాచ్‌లో వెస్ట్ హామ్‌కి తొందరగానే రెడ్ కార్డ్ పడింది, అది కలిసొచ్చింది. కానీ అదే మ్యాచ్‌లో మన డిఫెన్స్‌కి గుండెకాయలాంటి మార్టిన్ హింటెరెగ్గర్ గాయపడి ఫైనల్‌కి దూరమయ్యాడు. లక్ లెక్క వేస్తే రెండు వైపులా వెయ్యాలి.

ఫైనల్ మే 18న సెవియాలో, గ్లాస్గో రేంజర్స్‌తో. 1960లో యూరోపియన్ కప్ సెమీస్‌లో ఇదే రేంజర్స్‌ని ఫ్రాంక్‌ఫర్ట్ రెండు లెగ్‌లు కలిపి 12-4తో ఓడించింది. అది గుర్తున్నవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. మ్యాచ్ మొదలైన కొన్ని నిమిషాలకే కెప్టెన్ సెబాస్టియన్ రోడె తలకి ఎదుటివాడి బూటు తగిలింది. రక్తం కారింది. కట్టు కట్టించుకుని తొంభై నిమిషాలు పరిగెత్తాడు. రెండో సగంలో మన డిఫెండర్ టూటా జారిపడటంతో రేంజర్స్ గోల్ వేసింది. పన్నెండు నిమిషాల తర్వాత కోస్టిచ్ ఎడమ నుంచి క్రాస్ వేస్తే, ఇద్దరు డిఫెండర్ల మధ్యలో బోరే కాలు చాచి లోపలికి నెట్టాడు. సీజన్ అంతా చూసిన అదే గోల్. 118వ నిమిషంలో రేంజర్స్‌కి గోల్ ముందే బంతి దొరికింది. గోల్‌కీపర్ కెవిన్ ట్రాప్ కాలితో ఆపాడు. అది ఎలా ఆపాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పెనాల్టీలు. మా ఇంట్లో మ్యాచ్ ఇంటర్నెట్‌లో వస్తోంది, కింద పెద్దాయనకి డిష్‌లో. మాకు దాదాపు అర నిమిషం ఆలస్యం. కిటికీలు తెరిచే ఉన్నాయి. మా స్క్రీన్ మీద రేంజర్స్ ఆటగాడు ఆరన్ రామ్సే ఇంకా బంతి దగ్గరికి నడుస్తున్నాడు, కింద వీధి మొత్తం ఒక్క అరుపు అరిచింది. నేనూ మా ఆవిడా ముఖాలు చూసుకున్నాం. అర నిమిషానికి మాకూ కనిపించింది, ట్రాప్ కాళ్లతో ఆపేశాడు. ఇక ఆ టెన్షన్ తట్టుకోలేక ల్యాప్‌టాప్ అలాగే వదిలేసి ఇద్దరం మెట్లు దిగి పరిగెత్తాం. పెద్దాయన తలుపు తీసే ఉంది. బోరే ఐదో పెనాల్టీకి సిద్ధంగా ఉన్నాడు. ఆయన లేచి నిలబడలేదు, మమ్మల్ని చూడనూ లేదు. బంతి పై మూలకి వెళ్లింది. 5-4. వీధిలో కార్లు హారన్లు మోగిస్తున్నాయి. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ, చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు. తర్వాత బెంబెల్ అనే నీలం పూల కూజాలోంచి మాకు ఆపిల్ వైన్ పోశారు. నలభై రెండేళ్లు అన్నారు, అంతే.

మర్నాడు సాయంత్రం జట్టు కప్పు తీసుకుని పాత ఊళ్లో రోమర్ అనే నగర సభా భవనం బాల్కనీకి వచ్చింది. ఆ చౌకులోకి అడుగు పెట్టలేకపోయాం, పక్క సందులో నిలబడి పాటలు విన్నాం.

ఆ సీజన్ యూరప్‌లో 13 మ్యాచ్‌లు, ఒక్క ఓటమీ లేదు. ఒక పాయింట్‌తో పోయిన చాంపియన్స్ లీగ్ ఈ దారిన వచ్చింది, క్లబ్ చరిత్రలో మొదటిసారి. పైగా విజేత హోదాలో డ్రా తీసేటప్పుడు మొదటి పాట్‌లో, అంటే అగ్ర జట్ల వరసలో, చోటు దక్కింది. లీగ్‌లో నాలుగో స్థానం వచ్చినా ఆ చోటు దక్కేది కాదు.

మీకు ఒక్క మ్యాచ్ చూసే టైమే ఉంటే ఫైనల్ వద్దు, కాంప్ నౌ కూడా వద్దు. ఇక్కడ జరిగిన బార్సిలోనా మొదటి లెగ్ చూడండి. 78వ నిమిషంలో టూటాకి రెడ్ కార్డ్ పడుతుంది. అక్కడి నుంచి పదిమందితో ఆడిన ఆ చివరి నిమిషాలు సౌండ్ తగ్గించకుండా చూడండి. మన వాళ్లు ఒక్కో బంతి లాక్కున్నప్పుడల్లా, గోల్ పడితే లేచినట్టు స్టేడియం లేస్తుంది.