పశువైద్యుడికి ఉత్తరాలు: గుండె దడ, తల తిరుగుడు, తీగ ముక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గుండె గురించే. మిగతావి మెదడు, బీపీ, ఫిట్స్. "రిపోర్టు ఫొటో పంపుతున్నా, చూసి మందు చెప్పండి" అన్నవాళ్లకి మాత్రం నా జవాబు పాతదే, ఫొటోలో గుండె చప్పుడు వినపడదు. పేర్లు తీసేసి ఊళ్లు ఉంచాను.

ప్రశ్న: మా పొమేరియన్‌కి పదేళ్లు. రెండు నెలలుగా రాత్రిళ్లు దగ్గుతోంది. డాక్టరు గారు స్టెత్ పెట్టి మర్మర్ ఉందన్నారు. ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండె పెద్దదైందని పిమోబెండాన్ మాత్రలు రాశారు, జీవితాంతం వాడాలట. మా ఆడపడుచేమో మొదలుపెడితే అలవాటైపోతుంది, వద్దంటోంది. మనుషులకి వేసినట్టు స్టెంట్ వేయించొచ్చా డాక్టర్ గారూ? (మల్కాజిగిరి)

జవాబు: ముందు స్టెంట్ సంగతి తేల్చేద్దాం అమ్మా. గుండెకి రక్తం తెచ్చే నాళాలు కొవ్వుతో పూడుకుపోతే వేసేది స్టెంట్. మన ఇళ్లల్లో అందరూ ఎరిగిన ఈ జబ్బు కుక్కల్లో చాలా అరుదు. మీ వాడిది పైపుల సమస్య కాదు, తలుపు సమస్య. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య మైట్రల్ వాల్వ్ అని ఉంటుంది. చిన్న జాతి కుక్కల్లో వయసు మీదపడేకొద్దీ దాని రెక్కలు మందమైపోయి సరిగా మూసుకోవు, దాంతో ముందుకు పోవాల్సిన రక్తంలో కొంత వెనక్కి చిమ్ముతుంది. స్టెత్‌లో లబ్‌కీ డబ్‌కీ మధ్య "ష్" మని వినిపించేది అదే, దాన్నే మర్మర్ అంటారు. కుక్కల గుండెజబ్బుల్లో ముప్పావు వంతు ఇదొక్కటే.

ఇక మాత్ర. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన ఏడ్రియన్ బోస్‌వుడ్ ఆధ్వర్యంలో 11 దేశాల్లో 360 కుక్కల మీద ఎపిక్ అనే అధ్యయనం చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. వాటన్నిటికీ మర్మర్ ఉంది, గుండె పెద్దదైంది, కానీ ఆయాసం ఇంకా మొదలవలేదు. సగం కుక్కలకి పిమోబెండాన్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాటిలో సగం 766 రోజులు తిరిగేసరికి గుండె చేతులెత్తేసే దశకో, గుండెజబ్బుతో చనిపోయే స్థితికో వచ్చేశాయి. మందు వాడినవాటికి అదే స్థితి రావడానికి 1,228 రోజులు పట్టింది. అంటే పదిహేను నెలల తేడా. పదేళ్ల కుక్కకి పదిహేను నెలలంటే మాటలు కాదు. తేడా అంత స్పష్టంగా కనబడటంతో అధ్యయనాన్ని అనుకున్న గడువు కన్నా ముందే ఆపేశారు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మర్మర్ ఉండి గుండె సైజు మాత్రం మామూలుగానే ఉన్న కుక్కల్ని అందులో చేర్చలేదు. అందుకే చప్పుడు వినగానే మాత్ర రాసేయడం నాకు నచ్చదు, అలాంటివాటికి మందు లేకుండా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూస్తే చాలు. మీ డాక్టరు గారు ఎకో తీశాకే రాశారు, పద్ధతిగా చేశారు. అలవాటంటారా, ఇంట్లో పెద్దవాళ్లు బీపీ మాత్ర రోజూ వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అంతే. జబ్బు పోయేది కాదు కాబట్టి మందు ఆపరు. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, తిండికి గంట ముందు ఖాళీ కడుపున వేయండి.

ఒక్క అనుమానం తీర్చుకోండి. పొమేరియన్లలో గొంతు గొట్టం మెత్తబడి నొక్కుకుపోవడం కూడా మామూలే, అప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాయి. ఎక్స్‌రే తీస్తే దగ్గు గొంతుదో గుండెదో చాలావరకు తెలుస్తుంది, రెండూ ఉన్న కుక్కలూ బోలెడు.

రోజూ మీరు చేయాల్సిన పని ఇంకొకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. అది సోఫా కింద గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకోండి. డొక్క లేచి దిగితే ఒకటి. వచ్చిన అంకెని రెట్టింపు చేసి క్యాలెండర్ మీద, పాల లెక్క రాసుకుంటారే, ఆ పక్కనే రాయండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉండాలి. కలొచ్చి కాళ్లు కొట్టుకుంటున్నప్పుడూ, కరెంటు పోయి ఉక్కకి రొప్పుతున్నప్పుడూ లెక్కపెట్టకండి. రెండు మూడుసార్లు చూసినా 30 దాటుతోందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోందేమోనని అనుమానించాలి, తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. నా దగ్గరకి ఆయాసంతో వచ్చే కుక్కల్లో చాలావాటికి ఈ అంకె వారం ముందు నుంచే పెరుగుతూ వచ్చి ఉంటుంది, ఇంట్లో ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

ఆపరేషన్ లేకపోలేదు. జపాన్‌లో మసామి ఉయెచి అనే సర్జన్ కుక్కల మైట్రల్ వాల్వ్‌ని బాగుచేయడంలో పేరున్నవారు, గుండెని ఆపి, యంత్రం మీద రక్తం నడిపిస్తూ చేస్తారు. మనలో చాలామందికి అందుబాటులో ఉన్నది మాత్రే. అప్పడాలు, ఆవకాయ అన్నం ముద్దలు మాత్రం ఇవాళ్టి నుంచి బంద్.

ప్రశ్న: మా జెర్సీ ఆవు ఈని ఇరవై రోజులైంది. మేత తగ్గించింది, పాలు సగానికి పడిపోయినయి. గంగడోలు దగ్గర నీరు దిగినట్టు వాచింది. గొంతువాపు అనుకుని సూదులు వేయించినం, తగ్గలేదు. ఇప్పుడొచ్చిన డాక్టరు కడుపుల ఇనుము ఉందంటున్నడు. ఆవు ఇనుమెందుకు తింటది సార్? (సూర్యాపేట జిల్లా)

జవాబు: తినదన్నా, మింగుతుంది. మేక పెదవులతో ఏరుకుని తింటుంది, ఆవు నాలుకతో చుట్టి లాగి గుటుక్కున మింగేసి తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. గడ్డిలో తీగ ముక్క ఉందో లేదో దానికేం తెలుస్తుంది? బరువైన వస్తువులు పోయి రెండో పొట్టలో పడతాయి, లోపల తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుందే, అది. ఆ పొట్ట నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. దాని ముందు పొట్టనీ ఛాతీనీ వేరుచేసే డయాఫ్రమ్ పొర, పొరకి అవతల గుండె. మధ్య దూరం కొన్ని అంగుళాలే. కొస ఉన్న తీగైతే ముడుచుకున్నప్పుడల్లా కాస్త కాస్త ముందుకు జరిగి, గుండె చుట్టూ ఉన్న సంచిలో గుచ్చుకుంటుంది. అక్కడ చీము పడుతుంది. చూడి నెలలు నిండినప్పుడు గర్భం వెనక నుంచి నెడుతుంది, ఈనేటప్పుడు ముక్కుతుంది, అందుకే ఇది ఈనిన కొత్తలో బయటపడటం ఎక్కువ.

మా హాస్పిటల్లో ఓ గాజు సీసా ఉంది. సెంట్రింగ్ తీగ ముక్కలు, ఓ చెప్పు మేకు, గుండుసూదులు, సగం విరిగిన పిన్నీసు, అన్నీ ఆవుల కడుపుల్లోంచి తీసినవే. సీసాలో ఎక్కువ భాగం సెంట్రింగ్ తీగే. కొట్టం పక్కన ఎవరైనా ఇల్లు కడుతున్నారా? ఒకసారి చూడు.

గొంతువాపులో జ్వరం మండిపోతుంది, వాపు గొంతు దగ్గర వేడిగా, నొప్పిగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ఆవు అటో ఇటో తేలిపోతుంది. మీదేమో ఛాతీ కింద గంగడోలు దగ్గర అంటున్నావు. వేలితో నొక్కి తీసి చూడు, గుంట కాసేపు అలాగే ఉండిపోతే అది నీరు. మెడ పక్కన నరం తాడులా ఉబ్బి ఉందా? ముందు కాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి, వీపు వంచి నిలబడుతోందా? దిగుడు బాటలో నడవడానికి మొరాయించి మూలుగుతోందా? ఇవి ఉంటే మీ డాక్టరు చెప్పింది నిజమే. ఆయన స్టెత్ పెడితే బిందెలో నీళ్లు కదిలినట్టు వినిపించి ఉంటుంది.

నిజం చెప్పక తప్పదు. గంగడోలుకి నీరు దిగిందంటే గుండె సంచి దాకా వెళ్లిపోయినట్టే, అక్కడి నుంచి కోలుకున్న ఆవులు తక్కువ. ఇంకా సూదుల మీద డబ్బు పోసే ముందు, స్కానింగ్ సదుపాయమున్న వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి ఉన్నమాట తెలుసుకో. మీకు రాజేంద్రనగర్ ఉంది, ఆంధ్రా వైపు వాళ్లకి గన్నవరం, తిరుపతి. తీగ ఇంకా పొట్టలోనే ఉన్నప్పుడు దొరికితే డొక్క కోసి తీసేస్తే ఆవు నిక్షేపంగా ఉంటుంది.

మిగతా ఆవులకి మాత్రం అయస్కాంతం మింగించు. వేలంత ఉంటుంది, డాక్టరే గొట్టంతో వేస్తాడు, ఆ పొట్టలోనే జీవితాంతం ఉండి ఇనుము ముక్కల్ని పట్టి ఉంచుతుంది. ఉందా లేదా అనుమానమొస్తే ఎడమవైపు మోచేతి వెనక దిక్సూచి పెట్టు, ముల్లు తిరుగుతుంది. చాఫ్ కట్టర్ మూతి దగ్గర కూడా ఓ అయస్కాంతం కట్టుకో.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. మూడేళ్లుగా మా పిల్లికి పాలు, పెరుగన్నం, అప్పుడప్పుడు పన్నీరు. ఈమధ్య నీరసంగా మూలన కూర్చుంటోంది. స్కాన్‌లో గుండె గోడలు పల్చబడి గుండె సాగిపోయిందన్నారు. పెరుగన్నానికీ గుండెకీ సంబంధం ఉంటుందా? (విజయవాడ)

జవాబు: ఉంటుంది తల్లీ, ఆ సంబంధం కనిపెట్టడమే జంతువుల గుండె వైద్యంలో పెద్ద మలుపు. టారిన్ అని ఓ పదార్థం ఉంది. కుక్కలూ మనమూ దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాం. పిల్లి సరిపడా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మాంసంలో, చేపలో ఉంటుంది, ధాన్యాల్లో, పప్పుల్లో లేదు, పాలూ పెరుగుల్లో ఉన్నది పిల్లికి చాలదు. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో పాల్ పయన్ బృందం, సరిగ్గా మీ పిల్లికి ఉన్నలాంటి సాగిపోయిన గుండెలున్న పిల్లుల రక్తంలో టారిన్ బాగా తక్కువగా ఉందని గమనించి, టారిన్ ఇచ్చి చూశారు. గుండెలు మళ్లీ గట్టిపడ్డాయి! అంతకుముందు వరకూ అది చావు కబురు లాంటి జబ్బు. ఆ పిల్లులు తింటున్నది కంపెనీ తిండే. తర్వాత కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ జబ్బు దాదాపు మాయమైంది.

కాబట్టి మీకున్నది మంచి అవకాశమే. టారిన్ లోపమేనా చూడమని, ఎంత ఇవ్వాలో చెప్పమని మీ డాక్టరుని అడగండి. లోపమే అయితే కొన్ని వారాల్లో హుషారు తేడా తెలుస్తుంది. ఈలోపు కళ్లు కూడా చూపించండి, టారిన్ చాలకపోతే చూపూ పోతుంది, అది మాత్రం తిరిగి రాదు. ఇంట్లో మాంసం వండలేమంటే నాకర్థమవుతుంది, పిల్లుల కోసమే చేసిన ప్యాకెట్ తిండి తెచ్చి పెట్టండి (కుక్కల ప్యాకెట్ కాదు). మీది శాకాహారమే, పిల్లిది కాదు.

పిల్లులున్నవాళ్లందరికీ ఇంకో ముక్క. పిల్లి ఉన్నట్టుండి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, గావుకేకలు పెడుతూ, ఆ పాదాలు చల్లబడి నీలంగా మారితే అది పక్షవాతం కాదు, నూనె రాసి మర్దనా చేయొద్దు. గుండెలో గడ్డకట్టిన రక్తం వచ్చి కాళ్లకి పోయే నాళంలో అడ్డుపడింది. ఆ నిమిషమే హాస్పిటల్‌కి. బతికి బయటపడినవాటికి మళ్లీ గడ్డ రాకుండా ఏ మందు మేలని 75 పిల్లుల మీద పోల్చి చూస్తే, క్లోపిడోగ్రెల్ వాడినవాటికి 443 రోజులు, ఆస్ప్రిన్ వాడినవాటికి 192 రోజులు గడిచాక మళ్లీ వచ్చింది. ఆస్ప్రిన్ ఇంట్లో ఉంది కదా అని మీ అంతట మీరు వేయకండి, పిల్లి ఒంట్లోంచి అది రోజుల తరబడి పోదు.

ప్రశ్న: మందలో రెండు గొర్రె పిల్లలు తల ఒక పక్కకి వంచి అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతున్నయి. గాలి సోకిందంటున్నరు. (మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: గాలి కాదు, నీ కుక్క చూడు. కుక్క కడుపులో ఓ రకం బద్దెపురుగు ఉంటుంది, దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే పిల్లపురుగు రక్తంలో పడి మెదడుకి చేరి నీటితిత్తిలా పెరుగుతుంది, తిత్తి గోడకి లోపల బియ్యపు గింజల్లాంటి తెల్ల చుక్కలుంటాయి. మెదడు నొక్కుకుపోయి, ఎక్కువగా తిత్తి ఉన్న వైపుకే గొర్రె తిరుగుతుంది. లేత పిల్లల్లో నెత్తి ఎముక మెత్తబడి బొటనవేలికి తెలుస్తుంది. అప్పుడు సర్జన్ అక్కడ తెరిచి తిత్తి తీసేయగలడు. జ్వరముండి, ఒక చెవి వాలిపోయి, చొల్లు కారుతుంటే అది వేరే రోగం, దానికి సూదులున్నాయి, ముందు డాక్టరుకి చూపించు, 1962కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. చచ్చిన గొర్రె తలకాయ కుక్కకి వేయడం మాత్రం మానేయండి, చక్రం అక్కడే మళ్లీ మొదలవుతుంది. కుక్కలకి డాక్టరు చెప్పిన లెక్కన నట్టల మందు వేయించు. పిల్లలు కుక్కని ముట్టుకుని చేతులు కడక్కుండా తింటే, అరుదుగానే అయినా, వాళ్లకీ రావచ్చు.

ప్రశ్న: జంతువులకి బీపీ, ఈసీజీ చూస్తారా? నేను పదో తరగతి. (అనంతపురం)

జవాబు: బీపీని మొదట కొలిచిందే జంతువులో, తమ్ముడూ. ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి ఫాదరీ ఓ ఆడ గుర్రాన్ని కట్టి పడేసి, తొడ దగ్గర రక్తనాళంలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా పొడుగాటి గాజు గొట్టం బిగించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకింది. 1733లో పుస్తకం వేశాడు. మత్తుమందు లేని రోజులు, ఆ గుర్రం సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈసీజీ కథ కాస్త నయం. లండన్‌లో అగస్టస్ వాలర్ తన బుల్‌డాగ్ జిమ్మీని ఉప్పు నీళ్ల గిన్నెల్లో కాళ్లు పెట్టి నిలబెట్టి గుండె కరెంటు చూపించేవాడు. 1909లో ఇది క్రూరత్వమని పార్లమెంటులో ప్రశ్న వేస్తే, హోం మంత్రి గ్లాడ్‌స్టన్ లేచి, తమరు ఎప్పుడైనా సముద్రంలో కాళ్లు తడుపుకున్నారా, అంతే ఇదీ అన్నాడు. ఇప్పుడు ముందు కాలికో తోకకో చిన్న పట్టీ చుట్టి బీపీ చూస్తాం. పిల్లులు హాస్పిటల్ వాసనకే టెన్షన్ పడి బీపీ పెంచేసుకుంటాయి, అందుకే పది నిమిషాలు ఊరుకోబెట్టి చూస్తాం. పై అంకె 160 దాటి నిలకడగా ఉంటే కిడ్నీల వైపు కూడా చూడాలి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కి మూడేళ్లు, నెలకి రెండుసార్లు ఫిట్స్. పక్కింటాయన తాళాల గుత్తి పెట్టమన్నారు, అత్తయ్య ఉల్లిపాయ కోసి వాసన చూపిస్తున్నారు. (విశాఖపట్నం)

జవాబు: ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆగిన ఘనత తాళాలకి పోతోంది. చుట్టూ కుర్చీలు జరిపి, లైటు ఆర్పి, టైము చూసుకుంటూ వీడియో తీయండి. నోట్లో చెయ్యి పెట్టకండి, నాలుక మింగేయదు, మిమ్మల్నే కరుస్తుంది. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా వెంటనే హాస్పిటల్. ఆరు నెలలకీ ఆరేళ్లకీ మధ్య మొదలై, రక్తపరీక్షలన్నీ బాగుంటే ఎక్కువగా వేరే కారణం కనబడని మూర్ఛే అవుతుంది. నెలకి రెండంటే రోజూ మందు అవసరమే. మొదలుపెట్టాక, రెండు నెలలు ఫిట్స్ రాలేదు కదా అని మీరే ఆపేస్తే ఈసారి ఇంకా గట్టిగా వస్తాయి. ఉల్లిపాయ ముక్కలు మాత్రం దాని దగ్గర్లో కింద పడేయొద్దని అత్తయ్య గారికి చెప్పండి, తిన్నదంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.