పాత అంబాసిడరా, పాత ఫియట్టా?

ప్రశ్న: మా ఊళ్లో 1970 నాటి కార్లు రెండు అమ్మకానికి వచ్చాయి. ఒకటి అంబాసిడర్ మార్క్ 2, రెండోది ఫియట్ 1100 డిలైట్. ఇంజన్ పెద్దది కాబట్టి అంబాసిడరే చురుగ్గా పరుగెడుతుందని మా బావగారు అంటున్నారు. కొన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలని నా కోరిక. ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ బావగారి మాటలో సగమే నిజం ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు బ్రిటన్‌లోని బీఎంసీ అనే కార్ల కంపెనీ నమూనా ఇంజన్ అమర్చారు; దాని సామర్థ్యం 1,489 సీసీలు, శక్తి సుమారు 50 హార్స్ పవర్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు ఇటలీ నమూనాతో తయారుచేసిన ఫియట్ (దీనికి పద్మిని అన్న పేరు 1974లో గానీ రాలేదు) ఇంజన్ 1,089 సీసీలది, శక్తి సుమారు 40 హార్స్ పవర్. అయితే అంబాసిడర్ 1,100 కిలోలు దాటుతుంది, ఫియట్ 900 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. బరువుతో భాగించి చూస్తే టన్నుకు దక్కే శక్తి రెండింటిలోనూ ఇంచుమించు ఒక్కటే.

అసలు తేడా ఆ శక్తి అందే తీరులో ఉంది. అంబాసిడర్ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బాగా లాగుతుంది కనుక, ఐదుగురు ఎక్కి డిక్కీ నింపినా మాటిమాటికీ గేరు తగ్గించే పని ఉండదు. ఫియట్ ఇంజన్‌ను కాస్త గట్టిగా తిప్పితేనే పికప్ వస్తుంది, కానీ ఒకరిద్దరితో వెళ్లేటప్పుడు దాని హుషారే వేరు. ముందు, వెనుక చక్రాల నడుమ దూరం అంబాసిడర్‌లో 2,464 మిల్లీమీటర్లు, ఫియట్‌లో 2,340. ఆ పన్నెండు సెంటీమీటర్ల తేడా వెనుక సీట్లో కాళ్లు చాపుకునేవారికి, ఇరుకు సందులో బండి తిప్పేవారికి చెప్పకుండానే తెలుస్తుంది. రెండింటికీ గేరు స్టీరింగ్ పక్కనే, బ్రేకులు డ్రమ్ములే. నడిపే సరదా కోసమైతే నేను ఫియట్‌నే ఎంచుకుంటాను.

కానీ మీది సముద్రతీరం. ఈ రెండు బండ్లకూ విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది కాబట్టి, అడుగు రేకు, తలుపుల కింది గడపలు తుప్పు పట్టాయంటే బండి బలమే పోయినట్టు. పైన లప్పం పెట్టి రంగు వేసి ఉండవచ్చు. అయస్కాంతం అంటించి చూస్తే బయటపడుతుంది, లప్పం మందంగా ఉన్నచోట అది సరిగా అంటుకోదు.

ఇక నమోదు మాట. 2021లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు, ఆ బండిని నిత్య ప్రయాణాలకు గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. ఇంజన్, బాడీ చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉండాలన్నది ముఖ్యమైన షరతు. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ బిగించిన అంబాసిడర్లు మన దగ్గర కొల్లలు కాబట్టి, ఇంజన్ నంబరును ఆర్‌సీతో సరిచూసుకున్నాకే బయానా ఇవ్వండి.