జ్ఞాపకం పెట్టుకునే పని నేర్చుకుంటే మెదడు కణాల్లో నిజంగా ఏమైనా మారుతుందా?

మారుతుంది. నా నెత్తిలో మారింది, నేనే సాక్షి.

ఇంటర్ తప్పాక నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక టిఫిన్ హోటల్లో సర్వర్‌గా చేరాను. చీటీ రాసుకోనిచ్చేవాళ్ళు కాదు. ఆరు టేబుళ్ళ ఆర్డర్లూ గుర్తుంచుకోవాలి, తిని లేచాక గల్లా వైపు తిరిగి "తెల్ల రుమాలు, ముప్పై ఎనిమిది!" అని కేకేయాలి. మొదటి వారమే, ఒక పొద్దున దేవరకొండ బస్సు దిగి నలుగురు వచ్చి కూర్చున్నారు. రెండు ఇడ్లీ, ఒక వడ, ఉల్లి లేకుండా దోశ. పెదవులు కదుపుకుంటూ వంటగది దాకా పోయాను. సరిగ్గా అప్పుడే మాస్టర్ "ఆ చట్నీ గిన్నె ఇటియ్యి" అన్నాడు. అంతే, పలక తుడిచినట్టు అన్నీ పోయాయి. శనివారం ఉల్లి ముట్టని పెద్దాయన ముందు ఉల్లిదోశ పెట్టాను. "నీ యాది ఏడ వెట్టినవ్‌రా?" అని సేటు అందరి ముందే అరిచాడు. పైగా దోశ పైసలు జీతంలో కోశాడు. అది మాత్రం ఈ రోజుకీ మర్చిపోలేదు.

రెండు నెలలయ్యాక మాస్టర్ ఎన్ని గిన్నెలు అడిగినా ఆర్డర్ చెదిరేది కాదు. మాటలు వల్లెవేయడం మానేశాను. మనిషిని చూస్తే ఆయన ముందు ప్లేటు కనబడేది.

ఆ చట్నీ గిన్నె సమయంలోనే, అంటే ఆర్డర్ విన్నాక వంటగదిలో చెప్పేలోపే, ఉంది కిటుకంతా. కోతికి తిండి ఎక్కడ పెట్టారో చూపించి, కనబడకుండా మూసేసి, కాసేపు ఆపితే, నుదుటి వెనక కొన్ని కణాలు ఆ ఆగినంతసేపూ సంకేతాలు పంపుతూనే ఉంటాయని 1971లోనే గమనించారు. ఇలాంటి పని కోతులకు నేర్పకముందు, నేర్పిన తర్వాత పోల్చి చూస్తే, ఆ మధ్య సమయంలో పనిచేసే కణాలు ఎక్కువయ్యాయి, వాటి జోరూ పెరిగింది. నాకు జరిగిందీ అదే, స్కాన్ తీయించకపోయినా చెప్పగలను.

అందుకే జ్ఞాపకశక్తి పెంచుతామని పిల్లల తల్లిదండ్రుల దగ్గర వేలు గుంజే క్లాసులంటే నాకు మంట. అమెరికాలో ఒక విద్యార్థి సాధన చేసి చేసి, ఒక్కసారి వింటే 7 అంకెలు చెప్పేవాడు 79 దాకా చెప్పాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇస్తే మళ్ళీ ఆరు దగ్గరికే వచ్చాడు. నేర్చిన పనికే ఆ పదును. మా ఆవిడ ఐదు సామాన్లు చెప్తే కిరాణా కొట్టు దగ్గర నాకు రెండే గుర్తుంటాయి. అదే పెళ్ళిలో బంతికి కూర్చుంటే, ఎదుటి వరసలో ఎవరి ఆకులో పప్పు అయిపోయిందో ఇప్పటికీ చెప్తాను.