ఐ7 కోసం గాజులు బ్యాంకులో పెట్టాలా?

ప్రశ్న: సార్, నమస్తే. గుంటూరు అరండల్‌పేటలో ఆరేళ్లుగా చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఉన్న రెండు కంప్యూటర్లూ బాగా స్లో అయిపోయాయి. ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉన్నదైతేనే పదేళ్లు మన్నుతుందని అమ్మేవాళ్లు ఒక్కోటి 92 వేలు చెప్పారు. మా మేనల్లుడేమో ఏఎండీ రైజెన్ 5తో 48 వేలకే వస్తుందంటున్నాడు. ఏఎండీ వేడెక్కి కాలిపోతుందని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఖర్చులన్నీ పోను నెలకు 22 వేలు మిగులుతాయి. గాజులు బ్యాంకులో పెట్టి ఐ7 తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా, గాజులు బీరువాలోనే ఉండనివ్వండి.

రెండు కంప్యూటర్లకు కలిపి తేడా 88 వేలు. అంటే మీ నాలుగు నెలల మిగులు. బంగారం అప్పుకు ఏడాదికి 10 శాతం వేసుకున్నా వడ్డీ మరో 8,800. ఇంత పెట్టినందుకు మీ షాపులో రోజుకు ఒక్క పెళ్లి కార్డయినా ఎక్కువ తయారవుతుందా? నాకు నమ్మకం లేదు. డీటీపీ అంటే ఎక్కువగా అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానికి ఐ7 కన్నా చవకైన ఈనాటి ఐ3 కూడా ఎక్కువే. ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ డిజైన్ తెరిచినప్పుడు ముందు చాలకపోయేది ర్యామ్, అంటే తెరిచిన ఫైళ్లు ఉండే తాత్కాలిక మెమరీ.

ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు. రేపు షాపు రద్దీగా ఉన్నప్పుడు పాత కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని మూడు అంకెలు కనిపిస్తాయి. మిషన్ మొరాయించిన క్షణంలో వాటిలో ఏది 100 దగ్గర ఉందో కాగితం మీద రాసుకోండి. రెండు రోజులు ఇలా చేయండి. డిస్క్ అయితే పాత హార్డ్ డిస్క్ మీ పని ఆపుతోందన్నమాట, దాని బదులు వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుంది. మెమరీ అయితే ర్యామ్ 16 జీబీకి పెంచాలి. ఎప్పుడూ సీపీయూనే కనిపిస్తే అప్పుడు ప్రాసెసర్ గురించి మాట్లాడుకుందాం. ఏ షాపువాడి సలహా కన్నా ఆ కాగితమే మీకు విలువైనది.

ఇక వేడి సంగతి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఊడిపోతే చిప్ నిజంగానే కాలిపోయేది. 2011లో వచ్చిన ఎఫ్‌ఎక్స్ రకాలు కూడా కరెంటు బాగా తాగేవి. కానీ 2017లో రైజెన్ వచ్చాక ఆ కథ మారింది. ఇక ఖరీదుకు, మన్నికకు ముడి లేదనడానికి 2024లో ఇంటెల్‌కు ఎదురైందే చూడండి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఖరీదైన వాటిలో, వోల్టేజీ ఎక్కువై సిస్టమ్‌లు ఆగిపోయే సమస్య బయటపడింది. కంపెనీ వారంటీని మరో రెండేళ్లు పెంచాల్సి వచ్చింది.

తక్కువ ధర చిప్ నాసిరకం అని కూడా అనుకోకండి. మిర్చి యార్డు ఊళ్లో ఉన్న మీకు గ్రేడింగ్ గురించి చెప్పక్కర్లేదు. ప్రాసెసర్‌లో పని చేసే ఒక్కో భాగాన్ని కోర్ అంటారు. ఏఎండీ ఎనిమిది కోర్ల ముక్కలు తయారుచేస్తుంది. వాటిలో రెండు కోర్లు సరిగా రాకపోతే ఆ రెండింటినీ మూసేసి, పరీక్షించి, ఆరు కోర్ల రైజెన్ 5గా అమ్ముతుంది. కొన్నిసార్లు బాగున్న కోర్లనూ మూస్తారు. ఇది తాలు కాయ కాదమ్మా. మిగిలిన ఆరు కోర్లూ నిఖార్సైనవే.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఐ7 అన్న పేరు. ఐ7 అన్నది ఒక్క చిప్ కాదు, 2008 నుంచి ఏళ్ల తరబడి ఏ తరానికి ఆ తరం కొత్తది వస్తూ వచ్చింది. 2012 నాటి ఐ7 3770 కన్నా 2022లో వచ్చిన ఐ3 12100 చాలా వేగంగా పనిచేస్తుంది. అయినా ఆ పాతదాన్నే కొత్త క్యాబినెట్‌లో పెట్టి ఐ7 అని అమ్మేవాళ్లున్నారు. ఇంటెల్ 8వ తరానికి ముందువి దాదాపు ఏవీ విండోస్ 11కు అధికారికంగా పనికిరావు. విండోస్ 10కేమో మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ పాత మిషన్లు ఏ తరానివో కూడా ఒకసారి చూసుకోండి. 8వ తరమో ఆ తర్వాతదో అయితే ఒకదానికి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించి నడుపుకోవచ్చు. అప్పుడు కొనాల్సింది ఒక్కటే. ఆ 48 వేలు అప్పు లేకుండా మూడో నెలలో మీ చేతికే వస్తాయి.

మిగిల్చిన డబ్బులో కొంత మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కూ యూపీఎస్‌కూ పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె. కొన్నేళ్ల కిందట విజయవాడలో నా ఆఫీసుకు కొన్న కంప్యూటర్‌లో చవకరకం ఎస్‌ఎంపీఎస్ వేశారు. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడు అది కాలిపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ప్రాసెసర్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఖాతాదారుల లెక్కలు తిరిగి తెచ్చుకోవడానికి నాకు వారం పట్టింది. మీకు అలాంటి వారం రాకూడదు.

పెళ్లి వీడియోల ఎడిటింగ్ కూడా మొదలుపెట్టే ఆలోచన ఉంటే మాత్రం లెక్క వేరు. అక్కడ ఎక్కువ కోర్లు నిజంగా గంటలు ఆదా చేస్తాయి. ఆర్డర్లు చేతికొచ్చాక కొనండి.

కొనేటప్పుడు బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి, ఐ5 అనో రైజెన్ 5 అనో రాసి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు వేస్తే తప్ప డిస్‌ప్లే రాదు, ఆ ఖర్చు ముందే అడగండి. సీలు ఉన్న బాక్సు ప్రాసెసరే తీసుకోండి, దానికి కంపెనీ వారంటీ మామూలుగా మూడేళ్లు. బాక్సు లేకుండా ఇచ్చే ట్రే రకం కొంచెం చవకగా వస్తుంది గానీ, తేడా వస్తే మీరు షాపువాడి చుట్టూ తిరగాల్సిందే. మీ మేనల్లుణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.