పొట్టలో రక్తనాళం ఉబ్బింది, పేగు నాళాలు మూసుకుపోయాయి: ఏది ముందు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 67 ఏళ్లు, వయసులో ఉన్నప్పటి నుంచీ బీడీలు తాగుతాడు. తిన్న అరగంటకే కడుపునొప్పి వస్తుంటే గ్యాస్ అనుకుని మాత్రలు వాడాం, మనిషి సగమయ్యాడు. హన్మకొండలో స్కానింగ్ తీస్తే పొట్టలోని పెద్ద రక్తనాళం 5.8 సెంటీమీటర్లు ఉబ్బిందన్నారు. పేగులకు పోయే పై నాళాలు రెండూ మూసుకుపోయినట్టు సీటీ యాంజియోలో తేలింది. ఒక డాక్టరు వెంటనే గజ్జల్లోంచి స్టెంట్ వేద్దామంటున్నారు, ఇంకొకరు ముందు పేగుల సంగతి చూడాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండో డాక్టరు మాట వినండి. ఆ పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, పొట్టలో మామూలుగా సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, మగవాళ్లలో 5.5 దాటితే పగిలే ప్రమాదం చూసి ఆపరేషన్ చేస్తారు, కాబట్టి 5.8ని వదిలేయమని నేను అనను. కానీ పేగులకు రక్తం ఇచ్చే నాళాలు మూడు. పై రెండూ మూసుకుపోతే కింద ఉన్న చిన్నది, అంటే ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, లావెక్కి పక్కదారుల్లోంచి పేగుల భారమంతా మోస్తుంది. అది పుట్టేది సాధారణంగా ఆ ఉబ్బు దగ్గరే. గజ్జల్లోంచి వేసే గొట్టం లాంటి స్టెంట్ గ్రాఫ్ట్ దాని నోరు మూసేస్తుంది. పై నాళాలు బాగున్నవాళ్లు చాలామంది దీన్ని తట్టుకుంటారు గానీ, మీ బాపుకు పేగు చచ్చుబడి ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే ముందుగా గానీ, అదే పూటలో గానీ, పేగుల ప్రధాన నాళాన్ని (సుపీరియర్ మెసెంటెరిక్) స్టెంట్‌తో తెరిచి, రక్తం సాఫీగా పోతోందని చూసుకున్నాకే గ్రాఫ్ట్ వేయడం మంచిది. తెరవడం కుదరకపోతే పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఉంది, అందులో ఆ చిన్న నాళాన్ని కొత్త గొట్టానికి తిరిగి కుట్టొచ్చు, లేదా పేగులకు బైపాస్ వేయొచ్చు. అది పెద్ద ఆపరేషన్, గుండె, కిడ్నీలు తట్టుకుంటాయా అని ముందే పరీక్షించాలి.

హైదరాబాద్ నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే కాదు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి, డాక్టరు బొమ్మలే చూస్తారు. "పేగుకు రక్తం ఎటునుంచి వస్తోంది, గ్రాఫ్ట్ వేస్తే అది ఆగుతుందా?" అని సూటిగా అడగండి. ఆరోగ్యశ్రీ సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

అప్పటిదాకా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, బీపీ అదుపులో ఉంచండి, బీడీ ఈరోజే మాన్పించండి. ఉన్నట్టుండి నడుములోనో పొట్టలోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే ఊళ్లో ఎవరికీ చూపించకుండా నేరుగా 108కి ఫోన్ చేయండి. ఈ ఉబ్బు కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉంది, మీ బాపు అన్నదమ్ములకు కూడా ఒకసారి పొట్ట అల్ట్రాసౌండ్ చేయించండి.